ప్రతి నొప్పినీ విడిగా చూడండి: ముదిరిన క్యాన్సర్‌లో ఇతర కారణాల నొప్పులను గుర్తించడం

క్యాన్సర్ ముదిరిన మనిషికి ఎక్కడ నొప్పి పుట్టినా దాన్ని ఇంటిల్లిపాదీ క్యాన్సర్ ఖాతాలోనే వేసేస్తారు. మోకాలు నొచ్చినా, తల బద్దలవుతున్నట్టున్నా, కడుపులో పట్టేసినా "జబ్బు అక్కడికి కూడా పాకిందేమో" అన్న మాటే ముందుగా వస్తుంది. రోగి మనసులోనూ అదే మెదులుతుంది కనుక, చెబితే ఇంట్లోవాళ్లు బెంబేలెత్తుతారని కొన్ని నొప్పులను పంటి బిగువున దాచుకుంటాడు. వైద్యులలో సైతం కొందరు చేతిలోని స్కాన్ కాగితం చూసి, మనిషిని తాకి చూడకుండానే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మోతాదు పెంచి పంపించేస్తారు. ఇవన్నీ కలిసి, సులువుగా నయం కావలసిన నొప్పులను వారాల తరబడి నయం కాకుండా నిలిపి ఉంచుతున్నాయి.

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో మంచం పట్టిన రోగులను ఇళ్లకు వెళ్లి చూసే పనిలో ఉన్నవాళ్లకు ఇది నిత్యం ఎదురయ్యే విషయమే. ఈ మార్గదర్శిని వాళ్ల కోసమూ, అంతకంటే ముఖ్యంగా రాత్రింబవళ్లు రోగి పక్కనే ఉండే కుటుంబ సభ్యుల కోసమూ రాస్తున్నాను. కారణాన్ని నిర్ధారించి మందు రాయడం డాక్టరు పని. కానీ నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే వస్తోందో డాక్టరుకంటే ముందుగా, డాక్టరుకంటే దగ్గరగా చూడగలిగేది ఇంట్లోవాళ్లే.

ముదిరిన క్యాన్సర్‌లో నొప్పి ఒక్కటిగా ఉండదని చాలాకాలం కిందటే తేలింది. ఇంగ్లండ్‌లో ట్వైక్రాస్, ఫెయిర్‌ఫీల్డ్ అనే ఇద్దరు 1982లో ప్రచురించిన అధ్యయనంలో, నొప్పితో బాధపడుతున్న 100 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించగా వేర్వేరు చోట్ల మొత్తం 303 నొప్పులు లెక్కకు వచ్చాయి. వాళ్లలో 80 మందికి ఒకటికంటే ఎక్కువ నొప్పులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ గడ్డ వల్లనే వచ్చినా, అన్నీ దాని వల్ల వచ్చినవి కావు. స్థూలంగా నొప్పి నాలుగు దారుల్లో వస్తుంది. మొదటిది గడ్డ ఎముకనో నరాన్నో పేగునో ఒత్తడం వల్ల వచ్చేది. రెండోది ఆపరేషన్, కీమో, రేడియేషన్, మందుల వంటి వైద్యం వల్ల వచ్చేది. మూడోది నీరసించి మంచాన పడినందువల్ల వచ్చే మలబద్ధకం, పడక పుండ్లు, బిగుసుకున్న కీళ్లు వంటిది. నాలుగోది క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేకుండా మరే మనిషికైనా వచ్చే కీళ్ల అరుగుదల, పంటినొప్పి, మూత్రంలో రాళ్లు, గుండెనొప్పి వంటిది. ఈ వ్యాసంలో చెప్పేది చివరి మూడింటి గురించే. వీటిలో చాలావాటికి మార్ఫిన్ అంతగా పనిచేయదు. మలబద్ధకం వల్ల వచ్చే కడుపునొప్పి వంటివైతే మార్ఫిన్ పెంచేకొద్దీ పెరుగుతాయి. అందుకే కారణం వెతకకుండా మాత్ర పెంచడం రోగికి మేలు చేయదు.

ముందుగా నొప్పులను విడదీయడం

"నొప్పి ఎలా ఉంది?" అని అడిగితే వచ్చే జవాబు వల్ల ఉపయోగం తక్కువ. చంద్రగిరి వైపు ఒక ఊళ్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న పెద్దాయనను కూతురు ఇలాగే అడిగింది.

"నాయనా, నొప్పి యాడుండాది?"

"ఒళ్లంతా ఉండాదిమ్మా."

"ఒక్క వేలు పెట్టి చూపించు నాయనా. ముందు ఎక్కువ బాధ పెట్టేది చూపించు."

ఆయన కుడి డొక్క మీద వేలు పెట్టి, "ఈడ కోస్తా ఉండాది, దగ్గితే ప్రాణం పోతాది" అన్నాడు. తరువాత మోకాలు చూపించి, "ఇది పాతదే, పదేండ్లుగా ఉండేదే" అన్నాడు. చివరగా పొత్తికడుపు మీద చెయ్యి వేసి, "ఈడ మాత్రం నిన్నట్నుంచి బిగదీసినట్టుండాది" అన్నాడు. ఒళ్లంతా ఉన్న నొప్పి ఐదు నిమిషాల్లో మూడు నొప్పులుగా విడిపోయింది. డొక్కలోది గడ్డ వల్ల కావచ్చు, మోకాలిది అరుగుదల, పొత్తికడుపులోది మలబద్ధకమో మూత్రం ఆగడమో అయివుండాలి. మూడింటికీ వైద్యం వేరు.

మీరూ ఇదే చేయండి. ఒక తెల్ల కాగితం మీద మనిషి బొమ్మను ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి గీయండి. బొమ్మ చక్కగా రాకపోయినా ఫరవాలేదు. రోగి చూపించిన ప్రతి చోటా ఒక గుండ్రం చుట్టి 1, 2, 3 అని అంకెలు వేయండి. ఆ తరువాత ఒక్కొక్క అంకె గురించి విడివిడిగా అడగండి: ఎప్పటి నుంచి, ఎలా మొదలైంది, అక్కడే ఉంటుందా లేక ఎటైనా పాకుతుందా, రోజంతా ఉంటుందా లేక వచ్చి పోతుందా, కదిలితే పెరుగుతుందా, తింటే పెరుగుతుందా, మూత్రానికి వెళ్లినప్పుడు పెరుగుతుందా, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రతో తగ్గుతోందా. "మాత్ర వేసుకున్న గంటకు డొక్క నొప్పి తగ్గింది గానీ కడుపు నొప్పి అలాగే ఉంది" అన్న ఒక్క వాక్యం డాక్టరుకు ఎంతో సమాచారం ఇస్తుంది.

నొప్పి ఎంత ఉందో చెప్పడానికి ఆసుపత్రుల్లో సున్నా నుంచి పది వరకు అంకెలు అడుగుతారు. చదువుకోని పెద్దవాళ్లకు ఆ లెక్క తలకెక్కకపోతే రూపాయి లెక్కన అడగండి. "రూపాయికి ఎంతుంది?" అంటే "ముప్పావలా ఉంది" అనో, "మాత్ర వేసుకున్నాక పావలాకు దిగింది" అనో తడుముకోకుండా చెబుతారు. ఆ మాటనే పుస్తకంలో రాసుకోండి.

నొప్పిని వాళ్లు ఏ మాటతో చెబుతున్నారో దాన్ని మార్చకుండా రాయడం అన్నిటికంటే ముఖ్యం. మంట, చిమచిమ, తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, సూదులతో గుచ్చినట్టుండటం వంటి మాటలు నరాల వైపు వేలు చూపిస్తాయి. మెలిపెట్టి, వదిలి, మళ్లీ మెలిపెట్టడం పేగు, మూత్రనాళం, పిత్తాశయం వంటి గొట్టాలున్న అవయవాల లక్షణం. పీకడం, సలపడం, కదిలిస్తే కలుక్కుమనడం ఎముకలకు, కీళ్లకు, కండరాలకు సంబంధించినవి. ఇవి తీర్పులు కావు, ఆనవాళ్లు మాత్రమే. "నొప్పిగా ఉందంట డాక్టర్" అని మీరు కుదించి చెబితే ఆ ఆనవాలు పోతుంది. చిత్తూరు నుంచి వేలూరు వెళ్లి చూపించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊరూ మాటా మారినచోట ఈ కాగితం మరింత అక్కరకు వస్తుంది.

చివరగా, మరిచిపోకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ నొప్పి జబ్బు బయటపడక ముందు కూడా ఉండేదా? ఏటేటా అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లెక్కిన మోకాళ్లు, పాతికేళ్లు వంగి చెనక్కాయలు పీకిన నడుము, చిన్నప్పటి నుంచీ ఎండ తగిలితే వచ్చే ఒంటితలనొప్పి క్యాన్సర్ వచ్చినంత మాత్రాన మాయమైపోవు. పాత నొప్పి పాత తీరులోనే వస్తోందంటే దాని కారణం పాతదే అయివుండే అవకాశం ఎక్కువ. తీరు మారిందంటే మాత్రం కొత్తగా చూపించాలి.

నోటి నుంచి మడమల దాకా చూడటం

అడగడం అయ్యాక చూడాలి. పగటి వెలుతురులో, ఒంటి మీద బట్ట తొలగించి, రోగి సిగ్గుపడకుండా ఇంట్లో తగినవాళ్లు ఒకరే చూడటం మంచిది. నోరు తెరిపించి టార్చి వేస్తే నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు అంటినట్టు తెల్లని పొర కనబడవచ్చు. అది బూజు జాతి సూక్ష్మజీవి వల్ల వచ్చే పూత. కీమో తీసుకునేవాళ్లలో, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో, మధుమేహం ఉన్నవాళ్లలో తరచుగా వస్తుంది. "ముద్ద మింగుడు పడటం లేదు, గొంతులో మంట" అన్నప్పుడు గడ్డ గొంతుకు పాకిందని హడలిపోకుండా ముందు నోరు చూపించండి. తగిన మందు పడితే కొద్ది రోజుల్లోనే చాలామంది మళ్లీ సంగటి తినగలుగుతారు. పుచ్చిన పన్ను, ఒళ్లు తగ్గినందువల్ల వదులై చిగుళ్లను కోసే కట్టుడు పళ్లు కూడా అప్పుడే కనబడతాయి. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లకు దవడలో నొప్పి వచ్చినా, చిగురు మానకుండా ఎముక బయటపడినా పన్ను పీకించకుండా ముందు క్యాన్సర్ డాక్టరుకు చెప్పాలి.

నడుము కింద, పిరుదుల మధ్య, తుంటి పక్కల, మడమల వెనక చర్మాన్ని చూడండి. వేలితో నొక్కి వదిలినా పాలిపోకుండా ఎర్రగానో నల్లగానో ఉండే మచ్చ పడక పుండుకు మొదలు. "నడుము నొప్పి" అని రోగి చెప్పేది చాలాసార్లు ఇదే. రెండు గంటలకొకసారి పక్క మార్చడం, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద మెత్త పెట్టడం, తడి బట్ట వెంటనే మార్చడం మందులకంటే ముందు చేయవలసిన పనులు.

కాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క గట్టిపడి, వెచ్చగా ఉండి నొస్తుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఇది మామూలు మనుషులకంటే ఎక్కువగా వస్తుంది. ఆ కాలికి నూనె రాసి మర్దన చేయకండి. గడ్డకట్టిన ఆ రక్తం కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆయాసం, ఛాతీలో పోటు తోడైతే 108కి ఫోన్ చేయండి.

మలబద్ధకం

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే ముదిరిన క్యాన్సర్‌లో కడుపునొప్పికి ఇంత సాధారణమైన, ఇంత నిర్లక్ష్యానికి గురైన కారణం మరొకటి లేదు. మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు వాడేవాళ్లలో చాలామందికి మలం గట్టిపడుతుంది. తిండి తగ్గడం, నీళ్లు తాగకపోవడం, మంచం దిగకపోవడం, తిరుపతి ఎండలు తోడవుతాయి. "ఏమీ తినడం లేదు కదా, ఇంక విరేచనం ఎక్కడి నుంచి అవుతుంది" అని సరిపెట్టుకోవడం తప్పు. తినకపోయినా పేగులో మలం తయారవుతూనే ఉంటుంది.

నొప్పి పొత్తికడుపులో, తరచుగా ఎడమవైపు, మెలిపెట్టినట్టు వస్తుంది. కడుపు ఉబ్బరం, వికారం, ఆకలి లేకపోవడం, ఆసనంలో బరువు ఉంటాయి. "చివరిసారి బాగా, తేలిగ్గా విరేచనం అయింది ఎప్పుడు?" అని అడగండి. "రోజూ అవుతోంది" అన్న జవాబుతో ఆగకండి. ఎంత అవుతోంది, ఎలా అవుతోంది అని అడగండి. ఆసనం దగ్గర మలం రాయిలా అడ్డుపడినప్పుడు దాని పక్క నుంచి నీళ్లలాంటి మలం కొద్దికొద్దిగా జారుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు అది విరేచనాలనుకుని, కట్టే మాత్ర తెచ్చి వేస్తారు. దాంతో అడ్డు మరింత బిగుస్తుంది. మార్ఫిన్ వాడుతున్న మనిషికి కొన్ని రోజులు విరేచనం కాక, ఆ తరువాత ఉన్నట్టుండి నీళ్లలా జారడం మొదలైతే కట్టే మాత్ర వేయకుండా నర్సుకో డాక్టరుకో చూపించండి. వాళ్లు వేలితో పరీక్షించి అసలు సంగతి తేలుస్తారు.

మార్ఫిన్ రాసిన ప్రతి చీటీలోనూ విరేచనకారి మందు కూడా ఉండాలి. లేకపోతే అడగండి; అడగడం మీ హక్కు. బైసకోడిల్, సునాముఖితో చేసిన మాత్రలు, లాక్టులోజ్ సిరప్ వంటివి వాడతారు. ఇసబ్‌గోల్ మాత్రం నీళ్లు సరిగా తాగలేని, మార్ఫిన్ వాడే రోగికి సొంతంగా ఇవ్వకండి. చాలినన్ని నీళ్లు లేకపోతే అది పేగులోనే ముద్దకట్టి అడ్డుపడవచ్చు. ఇక వాంతులు ఆగకుండా అవుతూ, కడుపు ఉబ్బిపోయి, అపానవాయువు కూడా పోవడం లేదంటే అది మామూలు మలబద్ధకం కాకపోవచ్చు, పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు విరేచనకారి మందు ఏదీ ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అక్కి

రొమ్ము క్యాన్సర్ ముదిరిన ఒకామెకు ఎడమ డొక్కలో ఉన్నట్టుండి మంట మొదలైంది. వీపు మధ్య నుంచి రొమ్ము కింది దాకా పట్టీలాగా ఒకవైపే ఉంది. రవికె తగిలినా ఓర్చుకోలేకపోతోంది. ఎముకలకు పాకిందని ఇంట్లో అందరూ నిశ్చయించుకున్నారు. మూడో రోజు స్నానం చేయిస్తున్న కోడలు అదే పట్టీలో ఎర్రటి మచ్చల మీద సన్నటి నీటి పొక్కులు గుత్తులుగా లేవడం చూసింది. అది అక్కి.

చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చినవాళ్ల నరాల మూలాల్లో ఆ వైరస్ నిద్రపోతూ ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అది లేచి ఒక నరం వెంబడి బయటికి వస్తుంది. పొక్కుల కంటే ముందే, కొన్నిసార్లు రెండు మూడు రోజుల ముందే, నొప్పి మొదలవుతుంది కనుక మొదట్లో ఎవరైనా పొరబడతారు. అందుకే ఒంటికి ఒకవైపే పట్టీలాగా మంట మొదలైందంటే రోజూ ఆ చోట చర్మాన్ని చూస్తూ ఉండండి. వైరస్‌ను అణచే మాత్రలు పొక్కులు కనబడిన 72 గంటలలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. కీమో తీసుకునేవాళ్లకు ఆలస్యమైనా సరే చూపించాలి, కంటి దగ్గర వస్తే ఆ గంటలోనే బయలుదేరాలి.

మన వైపు అక్కి వస్తే జాజుతో బొమ్మ రాయించడం ఆనవాయితీ. ఆ నమ్మకాన్ని తీసిపారేయాలని చెప్పడం లేదు. కానీ తెల్లరక్తకణాలు తగ్గివున్న మనిషికి పచ్చి పొక్కుల మీద మట్టి పూస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. రాయించుకోవడానికి తిరిగే ఆ రెండు రోజుల్లోనే మాత్రలు బాగా పనిచేసే గడువు కూడా దాటిపోతుంది. పొక్కులు ఎండి పొలుసు కట్టే వరకు గర్భిణులను, చంటిపిల్లలను, ఆటలమ్మ రానివాళ్లను దగ్గరికి రానీయకండి.

వైద్యం వల్లే వచ్చే నొప్పులు

ఏ మందు ఎప్పుడు పడిందో తారీఖులతో రాసుకుంటే వీటిలో సగం వాటంతట అవే బయటపడతాయి. కీమో తరువాత తెల్లకణాలు పెంచడానికి ఇచ్చే ఫిల్గ్రాస్టిమ్ ఇంజెక్షన్ వల్ల నడుము, తుంటి, తొడ ఎముకల్లో రెండు మూడు రోజులు గట్టి సలుపు రావడం మామూలు. జోలెడ్రోనిక్ యాసిడ్ పడిన మరునాడు జ్వరంతో ఒళ్లునొప్పులు రావచ్చు. ఎముకకు రేడియేషన్ ఇచ్చిన మొదటి కొద్ది రోజులు అక్కడి నొప్పి తగ్గేముందు కొంత పెరగవచ్చు. లెట్రొజోల్, అనాస్ట్రొజోల్ మాత్రలు వేసుకునే స్త్రీలకు పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు బిగుసుకోవచ్చు. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, ఆక్సాలిప్లాటిన్ వంటి మందుల వల్ల అరికాళ్లు, అరచేతులు రెండువైపులా తిమ్మిరెక్కి మండవచ్చు. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవాళ్లకు చల్లటి నీళ్లు తగిలితే వేళ్లు జివ్వుమంటాయి. మధుమేహం వల్ల వచ్చే అరికాళ్ల మంట కూడా ఇలాగే ఉంటుంది కనుక చక్కెర జబ్బు ఎన్నేళ్లుగా ఉందో డాక్టరుకు చెప్పండి. ఈ మంటలకు వాడే మందులు మామూలు నొప్పి మాత్రలు కావు, వేరే ఉన్నాయి.

నొప్పి మాత్రలే నొప్పి తెచ్చిపెట్టడం మరొకటి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, అందులోనూ స్టెరాయిడ్‌తో కలిసినప్పుడు, కడుపులో పుండు చేస్తాయి. బొడ్డు పైన మంట, తారులా నల్లటి విరేచనం కనబడితే ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అరుదుగా, మార్ఫిన్ మోతాదు పెంచేకొద్దీ నొప్పి తగ్గకపోగా ఒళ్లంతా వ్యాపించి, దుప్పటి తగిలినా భరించలేక, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడినట్టు ఎగిరిపడటం జరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో దీని గురించి ఎక్కువ జాగ్రత్త కావాలి. మందును మీరు హఠాత్తుగా ఆపకండి, పెంచకండి. అదే రోజు డాక్టరుతో మాట్లాడండి.

కీమో నడుస్తున్న మనిషికి ఒళ్లునొప్పులని పారాసెటమాల్ వేసేముందు ప్రతిసారీ జ్వరం చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మాత్ర వేసి పడుకోబెట్టకుండా బయలుదేరాలి. మాత్ర జ్వరాన్ని దించి, లోపలి ఇన్‌ఫెక్షన్‌ను కనబడకుండా చేస్తుంది.

కీళ్లు, కండరాలు, గుండె

పాత మోకాలి అరుగుదల గురించి పైన చెప్పాను. మంచంలో ఒకే పక్కకు పడుకోవడం వల్ల మెడ, భుజం, నడుము కండరాలు ముడిపడి నొస్తాయి. బొటనవేలితో నొక్కితే ఒక చోట గట్టిగా తగిలి, "అదే, అదే నొప్పి" అని రోగి అంటే అది కండరం నొప్పి అయివుండవచ్చు. వేడి నీళ్ల కాపడం, భంగిమ మార్చడం, మెల్లగా కదిలించడం మంచి ఫలితమిస్తాయి. స్పర్శ తెలియని చోట, రేడియేషన్ పడిన చర్మం మీద కాపడం పెట్టకూడదు. ఆపరేషన్ తరువాత చెయ్యి ఎత్తకుండా ఉంచుకున్నవాళ్లకు భుజం బిగుసుకుపోతుంది. దీనికి ఫిజియోథెరపీ కావాలి. ఒక్క కాలి బొటనవేలు రాత్రికి రాత్రి ఎర్రగా వాచి ముట్టుకోనివ్వకపోతే గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీలు వాచే జబ్బు) కావచ్చు.

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి వచ్చి, ఎడమ చేతికో దవడకో పాకి, చెమటలు పడితే క్యాన్సర్ ఉన్నా లేకపోయినా అది గుండెపోటు కావచ్చు. "ఎలాగూ క్యాన్సరే కదా" అని కూర్చోకండి.

చెప్పలేని మనిషి

మతిమరుపు, మగత, మెదడుకు పాకిన జబ్బు వల్ల మాటలతో చెప్పలేనివాళ్లలో ముఖం ముడుచుకోవడం, మూలుగు, ఒక చోట చెయ్యి వేసి అక్కడే ఉంచుకోవడం, పక్క మార్చబోతే చెయ్యి తోసేయడం, ఊపిరి వేగం పెరగడం నొప్పికి గుర్తులు. ఒక పెద్దాయన సాయంత్రం నుంచి మంచం మీద దొర్లుతూ, బట్టలు లాగేసుకుంటూ, అరుస్తూ ఉంటే మార్ఫిన్ చాలడం లేదని ఇంట్లోవాళ్లు మరో మాత్ర వేశారు. అరుపులు తగ్గలేదు. పొత్తికడుపు మీద చెయ్యి పెడితే బొడ్డుకు కొంచెం కింది వరకు గుండ్రంగా, గట్టిగా తగిలింది. అక్కడ నొక్కగానే ఆయన ముఖం వికారంగా మారింది. మధ్యాహ్నం నుంచి మూత్రం రాలేదని భార్యకు అప్పుడు గుర్తొచ్చింది. నర్సు గొట్టం వేసి మూత్రం తీసేశాక ఆయన అక్కడికక్కడే నిద్రపోయాడు.

మార్ఫిన్, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ వంటి మందులు, ప్రొస్టేట్ వాపు, గట్టిపడిన మలం, వెన్నుపాము ఒత్తిడి, వీటిలో ఏదైనా మూత్రాన్ని ఆపవచ్చు. హఠాత్తుగా అశాంతి మొదలైన ప్రతి రోగిలోనూ మూడు విషయాలు వెంటనే చూడండి: మూత్రం వచ్చి ఎంతసేపైంది, విరేచనమై ఎన్ని రోజులైంది, ఒంటి కింద తడి బట్టో మడతో పుండో ఉందా. గొట్టం ముందే వేసివున్నవాళ్లలో అది మెలిపడిందా, మూసుకుపోయిందా అని చూడండి.

క్యాన్సర్ నొప్పిని వేరేదని పొరబడకుండా

ఇంతవరకు చెప్పినదాన్ని తిరగేసి, ప్రతి నొప్పినీ "గ్యాసు", "వాయువు", "కీళ్ల నొప్పులే" అని తేలిగ్గా తీసుకోవడం అంతకంటే ప్రమాదం. కొత్తగా వచ్చిన వెన్నునొప్పి పడుకుంటే పెరిగి, దగ్గితే తుమ్మితే ఎక్కువై, ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టుండి, దాంతోపాటు కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, మూత్రం లేదా మలం మీద అదుపు పోవడం కనబడితే గడ్డ వెన్నుపామును ఒత్తుతోందని అనుమానించాలి. దీనికి గంటలే లెక్క. కాళ్లు పూర్తిగా పడిపోకముందు స్టెరాయిడ్, రేడియేషన్ వంటి వైద్యం అందితే నడక నిలిచే అవకాశం ఎక్కువ. పడిపోయాక తిరిగి రావడం కష్టం. రేపు ఓపీ ఉందని ఆగకుండా అత్యవసర విభాగానికే తీసుకువెళ్లండి.

తొడలోనో భుజంలోనో ఉన్న పాత ఎముక నొప్పి లేవబోయినప్పుడు ఒక్కసారిగా తీవ్రమై కాలు ఆనించలేకపోతే ఎముక విరిగి ఉండవచ్చు; ఆ అవయవాన్ని కదలనీయకుండా తరలించండి. తెల్లవారుజామున ఎక్కువగా ఉండే కొత్త తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనబడటం, మూర్ఛ ఉంటే మైగ్రేన్ అనుకోకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు

తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రులు, 2022లో ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ కేర్ అండ్ అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ ఉన్నాయి. చిత్తూరు వైపువాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. ఎక్కడికి వెళ్లినా అంకెలు వేసిన బొమ్మ కాగితం, మందుల తారీఖులు, నాటు మందులతో సహా ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నాటు మందు సంగతి దాచవద్దు. "ఈ మూడు నొప్పుల్లో ఏది గడ్డ వల్ల వస్తోంది, ఏది మరో కారణం వల్ల వస్తోంది?" అని సూటిగా అడగండి. మార్ఫిన్ నిజంగా అవసరమైన నొప్పికి దాన్ని వాడటానికి జంకవద్దు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించింది వైద్యానికి అది అందడం సులువు కావాలనే.

కారణం తేలాక దాన్ని రోగికి తన మాటల్లో చెప్పండి. "అవ్వా, ఇది అక్కి. జబ్బు పాకింది కాదు" అన్న మాట విన్నాక మాత్ర పడకముందే కొందరి ముఖం తేరుకుంటుంది, నెలలుగా మనసులో మోస్తున్న భయం నొప్పిని రెట్టింపు చేసివుంటుంది. తెలియనిది తెలిసినట్టు, పాకినది పాకనట్టు మాత్రం చెప్పకండి.

ఆ తరువాత మళ్లీ చూడండి. విరేచనం బాగా అయితే మలబద్ధకం నొప్పి ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. మూత్రం ఆగిన నొప్పి గొట్టం వేసిన నిమిషాల్లోనే పోవాలి. నోటి పూత కొద్ది రోజుల్లో, కండరాల నొప్పి కాపడంతో, భంగిమ మార్పుతో కొంచెం కొంచెంగా తగ్గాలి. అక్కి పొక్కులు రెండు మూడు వారాల్లో ఎండుతాయి, మంట మాత్రం కొందరిలో నెలల పాటు ఉండి వేరే మందు కోరుతుంది. అనుకున్న గడువులో రూపాయి నొప్పి అర్ధరూపాయికైనా దిగకపోతే మనం అనుకున్న కారణం సరైనది కాకపోవచ్చు, లేదా దాని వెనక రెండో కారణం ఉండవచ్చు. అదే కాగితం తీసుకుని, అదే అంకె దగ్గర ప్రశ్నలన్నీ మొదటి నుంచి అడిగి, ఆ జవాబులతో తిరిగి డాక్టరును కలవండి.